టెక్నికల్ ఎక్స్‌పీరియన్స్ ఇంటర్వ్యూకి ఎలా సిద్ధపడాలి: కన్సల్టింగ్ కంపెనీలకు వెళ్లాలనుకునే ఇంజనీర్ల కోసం

ఐటీ సర్వీసుల్లోనో ప్రొడక్ట్ కంపెనీలోనో కొన్నేళ్లు పనిచేసి కన్సల్టింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు తరచూ ఒకే మాట అడుగుతున్నారు. "కోడింగ్ రౌండ్‌కి ఏం చేయాలో తెలుసు, కేస్ ఇంటర్వ్యూకి (ఒక వ్యాపార సమస్య ఇచ్చి పరిష్కరించమనే రౌండ్) పుస్తకాలున్నాయి. ఈ టెక్నికల్ ఎక్స్‌పీరియన్స్ రౌండ్‌కి ఏం చదవాలి?"

కొత్తగా చదవాల్సింది తక్కువ. చేసిన పనినే మళ్లీ తవ్వి, ప్రతి నిర్ణయానికీ కారణం చెప్పగలిగేలా తయారవడమే అసలు పని. దానికి రెండు మూడు వారాలు తీసుకోండి. ముందు రోజు రాత్రి రెజ్యూమే తిరగేస్తే సరిపోతుందనుకోవడం వల్లే చాలామంది మంచి ఇంజనీర్లు ఈ రౌండ్‌లో ఆగిపోతున్నారు.

మెకిన్సీలో, దాని ఏఐ విభాగమైన క్వాంటమ్‌బ్లాక్‌లో ఈ రౌండ్ పేరే టెక్నికల్ ఎక్స్‌పీరియన్స్ ఇంటర్వ్యూ, పొట్టిగా టీఈఐ. మిగతా కన్సల్టింగ్ కంపెనీల్లో ప్రాజెక్ట్ డీప్ డైవ్, టెక్నికల్ డిస్కషన్ లాంటి పేర్లు వినిపిస్తాయి. పేరేదైనా పద్ధతి ఇదే: మీరు చేసిన ఒకటి రెండు ప్రాజెక్టులు తీసుకుని, అడుగు తగిలేదాకా ప్రశ్నిస్తారు.

## 1. ముందు రిక్రూటర్‌తో మాట్లాడండి

కన్సల్టింగ్ కంపెనీల్లో టెక్నికల్ ఉద్యోగాలకు కేస్ ఇంటర్వ్యూ, వ్యక్తిగత అనుభవాల రౌండ్, కోడింగ్, టీఈఐ అన్నీ ఉండొచ్చు. కొన్నిచోట్ల రెండింటిని ఒకే గంటలో కలిపేస్తారు. ఊహించుకుని సిద్ధపడే బదులు అడిగేయండి. అడిగినందుకు ఎవరూ తప్పుగా అనుకోరు.

- ఈ రౌండ్ ఎంతసేపు? ఎన్ని ప్రాజెక్టుల గురించి మాట్లాడాలి?
- ఇంటర్వ్యూ చేసేది టెక్నికల్ మనిషా, క్లయింట్ పని చూసే పార్ట్‌నరా?
- స్లయిడ్లు తేవాలా, మాటలతో సరిపోతుందా?
- బోర్డు మీద ఆర్కిటెక్చర్ గీయమంటారా?
- ఇదే రౌండ్‌లో కోడ్ రాయిస్తారా?

## 2. ప్రాజెక్టును ఎంచుకోండి

ఒకటి ప్రధానంగా, ఇంకొకటి అదనంగా. మూడోదాని జోలికి పోవద్దు. మూడింటిని పైపైన తెలుసుకోవడం కంటే ఒకదాన్ని అడుగుదాకా తెలుసుకోవడం మేలు.

పెద్ద క్లయింట్ పేరు చూసి ఎంచుకోకండి. ప్రపంచమంతా తెలిసిన బ్యాంకు ప్రాజెక్టే అయినా, అందులో మీరు రాసింది రెండు రిపోర్టులే అయితే పది నిమిషాల్లో మాటలు అయిపోతాయి. ఎంచుకునే ముందు ఈ ప్రశ్నలకు జవాబు చూసుకోండి.

- ఇందులో నేను సొంతంగా తీసుకున్న నిర్ణయాలు కనీసం రెండు ఉన్నాయా?
- ఇంకో దారి కూడా ఉండేదా? దాన్ని ఎందుకు వదిలేశానో చెప్పగలనా?
- మధ్యలో ఏదైనా అనుకున్నట్టు జరగకపోతే, దాన్ని ఎలా సరిచేశామో నాకు తెలుసా?
- ఈ పని వల్ల క్లయింట్‌కి డబ్బో, సమయమో, రిస్కో ఎంత మారిందో చెప్పగలనా?
- ఇది గత రెండు మూడేళ్లలో చేసిన పనేనా?

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆఫ్‌షోర్ టీమ్‌లో ఉండేవాళ్లకు మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు వస్తుంది. డిజైన్ ఆన్‌సైట్ వాళ్లది, మనది అమలు. అలాంటప్పుడు మొత్తం ప్రాజెక్టును కాకుండా మీ చేతిలో ఉన్న ముక్కను తీసుకోండి. ఏ కాలమ్ మీద పార్టిషన్ చేయాలి, ఫెయిలైన జాబ్ మళ్లీ నడిస్తే డేటా రెండుసార్లు పడకుండా ఎలా ఆపాలి, ఏ టెస్టులు ముందు రాయాలి లాంటివి మీరే నిర్ణయించి ఉంటారు. చిన్న ముక్కైనా పూర్తిగా మీదైతే మాట్లాడటానికి చాలా ఉంటుంది.

సపోర్ట్ ప్రాజెక్టులే చేశామని దిగులుపడేవాళ్లకూ ఇదే మాట. ప్రతి నెలాఖరుకీ పడిపోయే జాబ్‌కి మూలకారణం పట్టుకుని శాశ్వతంగా సరిచేసి ఉంటే, అది ఈ రౌండ్‌కి సరిపోయే కథే. ఏ లాగ్ చూశారు, ఏ అనుమానాన్ని ఎలా కొట్టిపారేశారు, తాత్కాలికంగా రీస్టార్ట్ చేయడంతో ఎందుకు సరిపెట్టుకోలేదు అన్నవి చెప్పండి చాలు.

## 3. వివరాలు తవ్వి ఒక పేజీలో పెట్టండి

ఏడాదిన్నర కిందటి ప్రాజెక్టులో ఎన్ని వరుసల డేటా ఉండేదో ఎవరికీ గుర్తుండదు. ఇంకా అదే కంపెనీలో ఉంటే పాత టికెట్లు, కోడ్ కమిట్లు, డిజైన్ నోట్సు చదివి గుర్తు తెచ్చుకోండి. కానీ ఏ ఫైలునూ సొంత మెయిల్‌కి పంపుకోకండి, స్క్రీన్‌షాట్లు తీసుకోకండి. ఉద్యోగం పోయే పని అది. పైగా క్లయింట్ రహస్యాలు దాచలేని మనిషిని ఏ కన్సల్టింగ్ కంపెనీ నమ్మదు.

ఇంటర్వ్యూలోనూ అంతే. క్లయింట్ పేరు చెప్పకుండా "దక్షిణాదిలో ఒక సూపర్‌మార్కెట్ చైన్" అంటే సరిపోతుంది. రహస్యమైన అంకెలకు బదులు శాతాలో, ఉజ్జాయింపులో చెప్పి, ఉజ్జాయింపు అని ముందే అనండి.

పేజీలో ఉండాల్సినవి:

- టీమ్‌లో ఎంతమంది, ఎన్ని నెలలు, మీ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది
- డేటా ఎంత, ఎంత తరచుగా వచ్చేది, ఎక్కడెక్కడ పాడైంది
- వాడిన టూల్స్, అవి అప్పటికే ఉన్నవా, మీరు ఎంచుకున్నవా
- మొదలుపెట్టేనాటి కొలత, ముగిసేనాటి కొలత
- నెలకు క్లౌడ్ ఖర్చు, ఉజ్జాయింపుగా అయినా
- ఆ ఫలితాన్ని క్లయింట్ వైపు ఎవరు, ఏ పనికి వాడారు

చివరి అంశాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. కన్సల్టింగ్ వాళ్లు ఎక్కువగా అడిగేదీ అదే.

## 4. రెండు నిమిషాల పరిచయం రాసుకోండి

"మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అనగానే పావుగంట మాట్లాడేస్తే ఎదుటివాళ్లకు ప్రశ్నలు అడిగే సమయం మిగలదు. రెండు నిమిషాల్లో ఆపేయండి. వరుస ఇలా ఉండాలి:

1. క్లయింట్ ఎవరు, వాళ్ల ఇబ్బంది ఏమిటి
2. అప్పటిదాకా ఎలా నెట్టుకొచ్చేవారు
3. మీకు అప్పగించింది ఏమిటి
4. మీరు తీసుకున్న రెండు ముఖ్య నిర్ణయాలు
5. ఏం మారింది

టెక్నాలజీ పేర్లు నాలుగో అంశం దాకా రాకూడదు. "నేను స్పార్క్, కాఫ్కా, ఎయిర్‌ఫ్లో వాడాను" అని మొదలుపెడితే అది రెజ్యూమే చదివినట్టే.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూడండి. ఇకపై వచ్చే ప్రశ్నలన్నీ దీని మీదే.

"ఒక సూపర్‌మార్కెట్ చైన్‌కి పండగల ముందు సరుకు చాలక అమ్మకాలు పోతున్నాయి, పండగ అయ్యాక మిగిలిపోయి పాడవుతోంది. ఎంత తెప్పించాలో స్టోర్ మేనేజర్లు కిందటేడాది అంకెలు చూసి ఎక్సెల్‌లో వేసుకునేవారు. రెండు వారాల ముందే స్టోర్‌వారీగా, వస్తువువారీగా గిరాకీని అంచనా వేసే మోడల్ చేయడం నా పని. పండగ తేదీలను విడిగా లెక్కలోకి తేవాలనీ, అమ్మకాన్నే గిరాకీ అనుకోకూడదనీ నేను నిర్ణయించాను. ముందుగా కొన్ని స్టోర్లలో నడిపి, మోడల్ లేని స్టోర్లతో పోల్చాం. సరుకు అయిపోయిన రోజులు తగ్గాయి."

ఇందులో ప్రతి వాక్యమూ ఒక ప్రశ్నను పిలుస్తుంది. అలాగే ఉండాలి కూడా. మీకు బాగా తెలిసిన చోటికే ప్రశ్నలు వచ్చేలా పరిచయం రాసుకోవాలి.

## 5. నిర్ణయాల పట్టిక

సిద్ధపడే సమయంలో సగం దీనికే ఇవ్వండి. ఒక్కో నిర్ణయానికి నాలుగు గడులు: ఏమేం దారులున్నాయి, ఏది ఎంచుకున్నాను, దానివల్ల ఏం కోల్పోయాను, పరిస్థితి ఎలా మారితే వేరే దారి పట్టేవాణ్ని. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ నిర్ణయం మీకింకా అర్థం కానట్టే. ఏమీ కోల్పోకుండా దొరికే లాభం ఇంజనీరింగ్‌లో చాలా అరుదు.

పై ఉదాహరణలో ప్రశ్నలు ఎలా లోతుకు పోతాయో చూద్దాం.

"కిందటేడాది అదే వారం అమ్మకాన్ని వాడితే సరిపోదా?" సంక్రాంతి ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది కాబట్టి దానికి చాలావరకు పనిచేస్తుంది. దీపావళికి పనిచేయదు. 2023లో నవంబర్ 12న, 2024లో అక్టోబర్ 31న, 2025లో అక్టోబర్ 20న వచ్చింది. అందుకే "పండగకి ఇంకా ఎన్ని రోజులుంది" అన్నదాన్ని ఫీచర్‌గా, అంటే మోడల్‌కి ఇచ్చే సమాచారంలో ఒకటిగా, పెట్టాలి. అయినా ఆ పాత పద్ధతిని పారేయకండి. మీ మోడల్‌ను పోల్చుకోవడానికి అదే బేస్‌లైన్. బేస్‌లైన్ లేకుండా చెప్పిన ఏ అంకెకూ విలువ ఉండదు.

"అమ్మకం, గిరాకీ ఒకటి కావా?" షెల్ఫులో సరుకు లేని రోజు అమ్మకం సున్నా. గిరాకీ సున్నా కాదు. ఆ సున్నాలను అలాగే మోడల్‌కి ఇస్తే తక్కువ తెప్పించమంటుంది, తక్కువ తెప్పిస్తే మళ్లీ సరుకు అయిపోతుంది. స్టాక్ రికార్డులతో ఆ రోజులను గుర్తించి పక్కన పెట్టామా, గిరాకీని అంచనా వేసి నింపామా, స్టాక్ రికార్డులే తప్పైతే ఏం చేశాం అన్నది చెప్పాలి.

"నిన్నటి అమ్మకం ఫీచర్‌గా వాడారా?" ఇది వినడానికి మామూలు ప్రశ్న. రెండు వారాల ముందు అంచనా వేయాల్సినప్పుడు, ఆ రోజుకి ముందు రోజు అమ్మకం మన చేతిలో ఉండదు. దాన్ని వాడితే ట్రైనింగ్‌లో అద్భుతంగా, అసలు వాడకంలో ఘోరంగా ఉంటుంది. డేటాను యాదృచ్ఛికంగా ట్రైన్, టెస్ట్‌లుగా విడగొట్టడం కూడా ఇలాంటి తప్పే. కాలక్రమంలో ముందుది ట్రైనింగ్‌కి, తర్వాతది టెస్ట్‌కి పెట్టాలి, ఆ విడగొట్టే తేదీని ముందుకు జరుపుతూ చాలాసార్లు పరీక్షించాలి.

"ఏ కొలత వాడారు?" మేప్ (ఒక్కో తప్పును అసలు అమ్మకంలో శాతంగా లెక్కించి సగటు తీయడం) అని చాలామంది చెప్తారు. అసలు అమ్మకం సున్నా ఉన్న రోజు మేప్‌లో భాగహారమే కుదరదు. రోజుకి ఒకటి రెండు అమ్ముడయ్యే వస్తువుల్లో చిన్న తేడా కూడా వంద శాతం తప్పుగా కనిపిస్తుంది. మొత్తం తప్పును మొత్తం అమ్మకంతో భాగించే వేప్ ఇక్కడ నయం. దాని లోపం కూడా చెప్పండి: బాగా అమ్ముడయ్యే వస్తువులే దాన్ని శాసిస్తాయి, చిన్న వస్తువుల్లో తప్పులు కనబడకుండా పోతాయి.

"లైట్‌జీబీఎం ఎందుకు?" "మంచి ఫలితం వచ్చింది కాబట్టి" అంటే సరిపోదు. ఇది చాలా డెసిషన్ ట్రీలను కలిపి అంచనా వేసే పద్ధతి; వేల కొద్దీ స్టోర్-వస్తువు జంటలకు ఒకే మోడల్ నడపొచ్చు, ధర, ఆఫర్లు, సెలవులు తేలిగ్గా కలపొచ్చు, ట్రైనింగ్ త్వరగా అవుతుంది. కోల్పోయింది: ట్రీ మోడళ్లు ట్రైనింగ్‌లో చూసిన విలువల పరిధి దాటి అంచనా వేయలేవు. వేగంగా పెరుగుతున్న కొత్త స్టోర్‌కి తక్కువ చెప్తాయి. దానికి మీరేం చేశారు?

"సగటు గిరాకీ అంచనా వేశారా, ఎక్కువ వేశారా?" ఇది పూర్తిగా వ్యాపారం ప్రశ్న. పాల ప్యాకెట్ మిగిలితే పారేయాలి, సబ్బు మిగిలితే వచ్చే నెల అమ్ముడవుతుంది. కాబట్టి సబ్బుకి అంచనాను కాస్త పైకి పెట్టినా పెద్దగా నష్టం లేదు, పాలకు జాగ్రత్త కావాలి. సగటుకు బదులు, పదిలో తొమ్మిదిసార్లు గిరాకీ దాటని అంకె లాంటి క్వాంటైల్ అంచనాలు ఇందుకే వాడతారు. ఇలా కొలతను వ్యాపార నష్టంతో కలిపి చెప్పగలిగితే ఎదుటి మనిషి ముఖంలోనే తేడా కనిపిస్తుంది.

"లాభం మీ మోడల్ వల్లే వచ్చిందని ఎలా తెలుసు?" ఆ నెల అసలే గిరాకీ పెరిగి ఉండొచ్చు, మేనేజర్ మారి ఉండొచ్చు. మోడల్ వాడిన స్టోర్లను అలాంటివే అయిన మిగతా స్టోర్లతో పోల్చారా, ఎలా ఎంచుకున్నారు, మేనేజర్లు మోడల్ చెప్పిన అంకెను ఎన్నిసార్లు మార్చేశారు అన్నవి సిద్ధంగా పెట్టుకోండి.

మీ ప్రాజెక్టు వేరే రంగంలో ఉన్నా తవ్వే పద్ధతి ఇదే. డేటా ఇంజనీర్లకు ఒక కీ మీదే డేటా అంతా పోగవడం, ఆలస్యంగా వచ్చే రికార్డులు, మళ్లీ నడిపితే రెట్టింపవడం గురించి అడుగుతారు. బ్యాకెండ్ వాళ్లకు కాఫ్కా ఎందుకు, మామూలు డేటాబేస్ టేబుల్ ఎందుకు చాలలేదు, ఒకే మెసేజ్ రెండుసార్లు వస్తే ఏమవుతుంది. ఆర్‌ఏజీ చాట్‌బాట్ (ముందు పత్రాల్లో వెతికి, దొరికినదాని ఆధారంగా జవాబు రాసేది) చేసినవాళ్లకు అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న: జవాబు సరైనదని ఎలా కొలిచారు, తప్పు జవాబొస్తే అది వెతకడంలో తప్పా, రాయడంలో తప్పా అని ఎలా విడదీశారు.

## 6. నోటితో అన్న ప్రతి పదానికీ సిద్ధంగా ఉండండి

మీ పరిచయంలోనూ రెజ్యూమేలోనూ ఉన్న టెక్నికల్ పదాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాన్ని మూడు వాక్యాల్లో వివరించలేకపోతే, చదువుకోండి లేదా రెజ్యూమే నుంచి తీసేయండి. చూడకుండా వదిలేయకండి.

## 7. అదే విషయాన్ని మామూలు భాషలో చెప్పడం

మధ్యలో ఒక్కసారిగా "నేను ఆ సూపర్‌మార్కెట్ సీఈఓని అనుకోండి, ఇప్పుడు చెప్పండి" అంటారు. ఇది ఈ రౌండ్‌కే ప్రత్యేకం. ప్రొడక్ట్ కంపెనీల ఇంటర్వ్యూల్లో అంతగా కనబడదు.

ప్రెసిషన్, రీకాల్ అన్న పదాలు వాడకుండా చెప్పి చూడండి: "మేం హెచ్చరించిన ప్రతి పది వస్తువుల్లో ఎనిమిది నిజంగానే అయిపోయాయి. కానీ అయిపోయిన ప్రతి పదింటిలో మేం ముందే పట్టుకున్నవి ఆరే." అర్థమవుతుంది, తప్పు కూడా కాదు.

సాధన చేయడానికి మంచి దారి ఇంట్లోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని అక్కకో బాబాయికో తెలుగులో వివరించండి. తెలుగులో చెప్పగలిగితే ఆలోచన స్పష్టంగా ఉన్నట్టే. తర్వాత దాన్నే ఇంగ్లీషులో చెప్పండి.

## 8. మాక్ ఇంటర్వ్యూ

కనీసం ఇద్దరితో చేయండి. ఒకరు మీ రంగం తెలిసినవాళ్లు, ఒకరు తెలియనివాళ్లు. ఇద్దరికీ ఒకటే సూచన: ప్రతి జవాబు తర్వాత "ఎందుకు?" అని వరుసగా అడుగుతూ పొమ్మనండి. మీరు తడబడిన చోటు గుర్తుపెట్టుకుని నిర్ణయాల పట్టికకు తిరిగి వెళ్లండి.

ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ముఖ్యంగా "వుయ్" ఎన్నిసార్లు అన్నారో చూడండి. మన దగ్గర "నేను చేశాను" అంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. ఆ మర్యాద మంచిదే. కానీ ఇక్కడ "మేము" అన్నప్పుడల్లా అందులో మీ వంతు ఏమిటో ఎదుటివాళ్లకు తెలియదు, తెలియనిదానికి మార్కులు వేయలేరు. "టీమ్ మొత్తం పైప్‌లైన్ కట్టింది, అందులో డేటా నాణ్యత తనిఖీలు నేను డిజైన్ చేశాను" అనండి. మర్యాదా పోదు, మీ పనీ కనిపిస్తుంది.

ఆర్కిటెక్చర్‌ను రెండు నిమిషాల్లో గీయడం కూడా ఇప్పుడే సాధన చేయండి. ఆన్‌లైన్ అయితే మౌస్‌తో గీయడం ఎంత కష్టమో ముందే తెలుస్తుంది. డబ్బాలు ఐదారు మించకూడదు.

## 9. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే మార్గాలు

అంకె అస్పష్టంగా ఉండటం. "యాక్యురసీ 12 శాతం పెరిగింది" అంటే 70 నుంచి 82కి పెరిగిందా, 70లో 12 శాతం పెరిగిందా? ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పేస్తే గొడవ లేదు.

తెలియనిది అల్లి చెప్పడం. రెండో ప్రశ్నకే బయటపడుతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు. "అది మేం కొలవలేదు. ఇప్పుడు కొలవాలంటే ఇలా చేస్తాను" అని చెప్పి ఆగండి.

అంతా సాఫీగా జరిగినట్టు చెప్పడం. ఏ ప్రాజెక్టూ అలా నడవదు. ఏది విఫలమైందో, ఎప్పుడు తెలిసిందో, ఏం మార్చారో మీరే ముందు చెప్పండి.

ప్రశ్నను దాడిగా తీసుకోవడం. "ఇంకో పద్ధతి మంచిది కాదా?" అంటే మిమ్మల్ని తప్పుపడుతున్నట్టు కాదు. క్లయింట్ ముందు కూర్చుంటే ఇలాగే అడుగుతారు, మీరెలా స్పందిస్తారో చూస్తున్నారు. ఒక క్షణం ఆలోచించి, ఆ పద్ధతిలో ఉన్న మంచి ఒప్పుకుని, మీ పరిస్థితిలో ఎందుకు కుదరలేదో చెప్పండి. కుదిరేదే అయితే ఒప్పుకోండి.

టెన్షన్‌లో వేగం పెంచడం. ప్రశ్న విన్నాక దాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి. అర్థమైందో లేదో తేలుతుంది, ఆలోచించడానికి సమయమూ దొరుకుతుంది.

## 10. ఆ రోజు

- వివరాల పేజీ, నిర్ణయాల పట్టిక ఒకసారి చదివి పక్కన పెట్టేయండి. చూసి చదివితే వీడియోలో కళ్ల కదలికకే తెలిసిపోతుంది.
- ఖాళీ కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.
- ఇంటర్నెట్‌కి ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి.
- అడగడానికి రెండు ప్రశ్నలు ఉంచుకోండి. "మీ టీమ్ కట్టిన మోడల్‌ను మీరు వెళ్లిపోయాక క్లయింట్ వైపు ఎవరు నడుపుతారు?" అన్నది మంచి ప్రశ్న. జవాబును బట్టి అక్కడి పని ఎలా ఉంటుందో మీకూ తెలుస్తుంది.

కాల్ ముగిసిన వెంటనే, ఇంకెవరితోనూ మాట్లాడకముందే, అడిగిన ప్రశ్నలన్నీ రాసుకోండి. తర్వాతి రౌండ్‌లో వేరే మనిషి అదే ప్రాజెక్టును వేరే వైపు నుంచి తవ్వే అవకాశం ఉంది. మీరు సరిగ్గా చెప్పలేకపోయిన ప్రశ్నలకు ఆ సాయంత్రమే జవాబులు వెతికి పట్టికలో చేర్చండి.